విదేశీ భాష, వయస్సు, వినికిడి

మా మనుమరాలికి అయిదేళ్ళు. జర్మనీలో పుట్టింది, అక్కడే బడికి వెళుతున్నది. ఇంట్లో మా అమ్మాయి, అల్లుడు తెలుగే మాట్లాడుతారు. పాపకు తెలుగు అర్థమవుతుంది గాని జవాబు మాత్రము జర్మనులోనే చెబుతుంది. ఆమెతో మాట్లాడాలనే కోరికతో నేను డెబ్బదిమూడవ యేట జర్మను పుస్తకము తెరిచాను. ఆ ప్రయత్నములో నాకు వచ్చిన భాష కొంచెమే. నా శరీరమును గురించి తెలిసివచ్చినది ఎక్కువ. పరభాష నేర్చుకొనదలచిన వారికి, ముఖ్యముగా అరవై దాటిన వారికి, ఉపయోగపడుతుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

అత్వెల్లిలో మా వీధి చివర అద్దెకుండే ఒక నర్సు అమ్మాయి అప్పటికే జర్మను నేర్చుకొంటున్నది. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు పొందాలంటే సాధారణముగా బి-2 స్థాయి కావాలి. ఏ-1 నుంచి సి-2 వరకు ఉన్న ఆరు మెట్లలో అది నాలుగవది. ఆమె రాత్రి డ్యూటీ దిగి, కాసేపు నిద్రపోయి, సాయంత్రములు మా వరండాలో కూర్చొని చదివేది. ఒకే పుస్తకము ఇద్దరమూ మొదలుపెట్టాము. ఆరు నెలలు గడిచేసరికి ఆమె వాక్యములు మాట్లాడుతున్నది. నేను పదములు మరచిపోతున్నాను.

ఒక ఆదివారము మనుమరాలు ఫోనులో ‘టిష్’ అన్నది. టిష్ అంటే బల్ల. నాకు ‘ఫిష్’ అని వినిపించింది. ఫిష్ అంటే చేప. బల్ల మీద బొమ్మ ఉన్నదని పాప చెబితే, చేపను ఎక్కడ కొన్నారని నేను అడిగాను. మొదట నవ్వింది. అటువంటివి నాలుగయిదు సార్లు జరిగాక, “తాతకు రాదు” అని తెలుగులోనే చెప్పి ఫోను వాళ్ళ అమ్మకు ఇచ్చేసింది. తరువాత కొన్ని వారములు ఫోను దగ్గరకే రాలేదు.

నాకు బాధ కన్న భయము ఎక్కువ కలిగింది. మా అమ్మగారు చివరి ఆరేళ్ళు మతిమరపు వ్యాధి (డిమెన్షియా)తో గడిపారు. నన్ను కూడా గుర్తుపట్టలేని స్థితిలో వెళ్ళిపోయారు. నాకూ అదే మొదలయినదా అన్న అనుమానము రాత్రులు నిద్ర పట్టనిచ్చేది కాదు. దశాబ్దాల పాటు రోగులకు ధైర్యము చెప్పిన నేను, నా సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ భయముతోనే ఈ విషయమును శ్రద్ధగా చదవడము మొదలుపెట్టాను.

భాష నేర్చుకొనడములో వయస్సు పాత్ర నిజమే గాని, మనము అనుకొనేటంత కాదు. భాషకు బాల్యమే తగిన కాలమనీ, యౌవనారంభముతో ఆ అవకాశము తగ్గిపోతుందనీ ఎరిక్ లెన్నెబర్గ్ 1967లో ప్రతిపాదించాడు. ఉచ్చారణ విషయములో వయస్సు ప్రభావము స్పష్టము. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ జరిపిన పరిశోధనలో, ఇంగ్లీషు వాతావరణములో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల శిశువులు హిందీలోని త, ట ధ్వనుల భేదమును గుర్తించారు. పది, పన్నెండు నెలల వయస్సుకు ఆ శక్తి చాలవరకు తగ్గిపోయింది. అయితే పదములు, వ్యాకరణము నేర్చుకొనడములో తొలి నెలలలో పిల్లల కంటె పెద్దలే వేగముగా సాగుతారని 1978లో హాలండులో జరిగిన ఒక అధ్యయనము తెలిపింది. మన సి.పి. బ్రౌన్ 1798లో పుట్టి, పెద్దయిన తరువాతనే తెలుగు నేర్చుకొని, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రచురించాడు గదా!

రెండవది అవసరము, ఆసక్తి. మేడ్చల్ పరిసరములలోని కర్మాగారములకు బీహారు, ఒడిశాల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు, ఏ తరగతికీ పోకుండానే కొద్ది నెలలలో కూరగాయల బేరము తెలుగులో చేస్తారు. తప్పు మాట్లాడితే నవ్వుతారన్న జంకు వారికి లేదు. నాకు ఆ జంకు చాలా ఉన్నది. చదువుకొన్నవారిలో ఇది ఎక్కువ. భయపడే మనస్సు వినదు. ఎదుటివారు మాట్లాడుతుండగానే తన జవాబును కూర్చుకొంటూ ఉంటుంది.

మూడవది మన భాషకూ ఆ భాషకూ ఉన్న దూరము. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి జపనీసు నేర్పడానికి అమెరికా విదేశాంగశాఖ సుమారు 2,200 తరగతి గంటలు కేటాయిస్తుంది. మనకు జపనీసు లిపి కష్టమే గాని, తెలుగులో వలెనే క్రియ వాక్యము చివర వస్తుంది. విభక్తి ప్రత్యయములు పదము తరువాతనే చేరుతాయి. జర్మనులో కూడా ఉపవాక్యములలో క్రియ చివరకు పోతుంది. ఇంగ్లీషు వారు చిరాకుపడే ఆ చోట మనకు ఇబ్బంది తక్కువ.

నాలుగవది అభ్యాసక్రమము. నేర్చుకొన్నది త్వరగా మరచిపోతామని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపాడు. ఒకేరోజు మూడు గంటలు చదవడము కన్న, రోజుకు అరగంట చొప్పున ఆరు రోజులు చదవడము మేలు. నేర్చుకొన్నది మెదడులో స్థిరపడడానికి నిద్ర అవసరము.

ఇవన్నీ చదివినా నా చిక్కు వీడలేదు. దానిని విప్పినది ఆ నర్సు అమ్మాయి. ఒకనాడు, “డాక్టరు గారూ, కాగితము మీద చూసిన పదములు మీరు మరచిపోవడము లేదు. విన్నవే తప్పు చెబుతున్నారు. ఒకసారి చెవులు పరీక్ష చేయించుకోండి” అన్నది. నాకు నవ్వు వచ్చింది, తరువాత సిగ్గు కలిగింది. ఆ మాట నేను ఎందరికో చెప్పి ఉంటాను.

వినికిడి పరీక్ష (ఆడియోమెట్రీ) చేయించుకొన్నాను. వయస్సుతో వచ్చే వినికిడి లోపము రెండు చెవులలోనూ ఉన్నది. ఈ లోపములో ముందుగా తగ్గేది హెచ్చు పౌనఃపున్య ధ్వనుల వినికిడి. అచ్చులు బాగానే వినపడుతాయి. స, ష, ఫ, ట వంటి హల్లులు మసకబారుతాయి. మాతృభాషలో మెదడు సందర్భమును బట్టి ఆ ఖాళీలను మనకు తెలియకుండానే పూరిస్తుంది. కొత్త భాషలో పూరించడానికి దాని వద్ద సరుకు లేదు. అందుచేత తెలుగులో ఏళ్ళ తరబడి దాగిన లోపము జర్మనులో ఆరు నెలలకే బయటపడింది. సరిగా వినని పదము జ్ఞాపకములో సరిగా చేరదు. చేరనిదానిని మరచిపోయానని నేను భ్రమపడ్డాను.

వినికిడి లోపమును నిర్లక్ష్యము చేయడము కూడా మంచిది కాదు. 2020లో లాన్సెట్ సంఘము మతిమరపు వ్యాధికి సవరించదగిన 12 కారణములను పేర్కొన్నది. వాటిలో వినికిడి లోపము ఒకటి.

మన హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పరిశోధనను కూడా చెప్పాలి. నిమ్స్‌లో డా. సువర్ణ అల్లాడి బృందము మతిమరపు వ్యాధిగ్రస్తులు 648 మందిని పరిశీలించి 2013లో ఫలితములు ప్రచురించింది. ఒకే భాష తెలిసినవారి కంటె, రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా మొదలయింది. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. అయితే వారు జీవితమంతా రెండు భాషలతో మెలగినవారు. డెబ్బదిలో జర్మను మొదలుపెడితే వ్యాధి రాదని ఆ పరిశోధన చెప్పలేదు. ఇతర దేశముల అధ్యయనములు అన్నీ దీనితో ఏకీభవించవు కూడా. భాషను మందుగా గాక భాషగానే నేర్చుకొనాలి.

కొత్త విషయము మనస్సుకు ఎక్కడము లేదని అనిపిస్తే, ముసలితనమని సరిపెట్టుకొనవద్దు. చెవులు, కళ్ళు పరీక్ష చేయించుకోండి. చెవిలో గులిమి గట్టిపడినా వినికిడి తగ్గుతుంది. థైరాయిడ్ హార్మోను, విటమిన్ బి-12 లోపములు, నిద్రలో శ్వాస ఆగిపోయే వ్యాధి, మనస్తాపము (డిప్రెషన్) జ్ఞాపకశక్తిని కుంటుపరుస్తాయి. జలుబుకు, నిద్రకు సొంతముగా వాడే కొన్ని పాత మందులు కూడా ఆ పని చేస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉన్నది. తెలిసిన ఇంటిదారి తప్పడము, లెక్కలు తారుమారు కావడము వంటివి ఉంటే, నా వలె దాచుకొనక వైద్యునికి చెప్పండి.

శ్రవణయంత్రము పెట్టుకొన్న మొదటి నెల చికాకుగానే గడిచింది. పళ్ళెముల చప్పుడు కూడా పిడుగు వలె వినిపించింది. మెదడు అలవాటు పడడానికి కొన్ని వారములు పట్టింది. నర్సు అమ్మాయి బి-1 పూర్తి చేసి బి-2కు చదువుతున్నది. నేను ఇంకా ఏ-2లోనే ఉన్నాను.

గత నెల పాప ఫోనులో ‘టిష్’ అన్నది. బల్ల అని తెలుగులో చెప్పి, మళ్ళీ జర్మనులో అన్నాను. ఆమె నా ఉచ్చారణను రెండుసార్లు దిద్ది, మూడవసారి ‘బల్ల’ అని తానే అన్నది.