భారం ఎవరి మీద: రోగశయ్య దగ్గర ఆస్తికత, నాస్తికత

దైవం ఉన్నదని తర్కంతో నిలబెట్టడానికి జరిగిన ప్రయత్నాలలో పదవ శతాబ్దపు ఉదయనాచార్యుని న్యాయకుసుమాంజలి ప్రసిద్ధమైనది. కుండ ఉన్నచోట కుమ్మరి ఉన్నట్లే లోకమనే కార్యానికి ఒక కర్త ఉండి తీరాలన్నది అందులోని వాదాలలో ఒకటి. కంటికి కనబడనిదాన్ని ప్రమాణంగా ఒప్పుకోబోమన్న చార్వాకులది దీనికి పూర్తిగా ఎదురుపక్షం. ఈ వాదోపవాదాలు ఎంత సూక్ష్మమైనవైనా, ఆసుపత్రి వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన వైద్యునికి వాటిలో ఏ ఒక్కటీ రోగి నోట గాని, రోగి బంధువుల నోట గాని వినబడదు. అక్కడ వినబడే మాట "దేవుడి మీద భారం వేశాం" అన్నది. నమ్మకం పోగొట్టుకున్నవారి మాట కూడా దాని చుట్టూనే తిరుగుతుంది: "ఇన్నాళ్లూ ఆయన మీదే భారం వేశాం, ఏం చేశాడు?" మనుషులు దేవుణ్ణి నమ్మడానికీ నమ్మకపోవడానికీ చెప్పుకునే సొంత కారణాలను రోగశయ్య పక్కన నిలబడి వింటే, అవి ప్రమాణచర్చ కన్నా ఈ భారం అనే మాటకే దగ్గరగా ఉంటాయి.

ఆస్తికుడు, నాస్తికుడు అనే పదాలను ఇక్కడ కొంత జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. సంప్రదాయ దర్శనాలలో వేదప్రామాణ్యాన్ని అంగీకరించినవాడు ఆస్తికుడు, కాదన్నవాడు నాస్తికుడు. అందుకే సృష్టికర్త అవసరం లేదన్న పూర్వమీమాంసకులు సైతం ఆస్తికుల కోవలోనే చేరారు. నేటి తెలుగులో ఆ పదాలు దేవుణ్ణి నమ్మడం, నమ్మకపోవడం అన్న అర్థాలకే స్థిరపడ్డాయి. ఈ సంగతి మనిషికి తెలిసేది కాదని భావించి ఏ తీర్పూ చెప్పకుండా ఆగిపోయేవారిని అజ్ఞేయవాదులంటారు. ఆ అర్థమిచ్చే ఇంగ్లీషు మాటను 1869లో పుట్టించిన థామస్ హక్స్‌లీ వైద్యవిద్య చదివి, యువకుడిగా ఉన్నప్పుడు ఓడలో సహాయ సర్జనుగా పనిచేసినవాడు. కేసు షీటు మీద మతం అని ఒక గడి ఉంటుంది గాని, ఈ మూడింటిలో రోగి ఎక్కడ ఉన్నదీ ఆ గడి చెప్పదు.

ఎముకల మజ్జలో తెల్లరక్తకణాలు పక్వం కాకుండానే అదుపు తప్పి పెరిగిపోయే లింఫోబ్లాస్టిక్ లుకేమియా పిల్లలలో ఎక్కువగా రెండేళ్ల నుంచి ఐదేళ్ల వయస్సులో బయటపడుతుంది. తెలుగునాట ఆ వయస్సుకు మరొక ప్రాముఖ్యం ఉంది. మూడో ఏటనో ఐదో ఏటనో పుట్టువెంట్రుకలు కొండ మీద తీయిస్తామని మొక్కుకున్న పిల్లలు అప్పటికి జడలతోనే ఉంటారు. పల్నాడు వైపు నుంచి మూడేళ్ల కొడుకును తీసుకువచ్చిన ఒక తల్లి విషయంలో ఈ రెండూ ఒకచోట కలిశాయి. కీమోథెరపీ మందు ఎక్కించిన రెండు మూడు వారాలకు జుట్టు కుదుళ్లతో సహా ఊడి దిండుకు అంటుకుంటుంది. ఆమె ప్రతి ఉదయం వేలి కొన తడి చేసుకుని దిండుగలీబు మీది వెంట్రుకలను ఒక్కొక్కటిగా ఏరి, పసుపు రాసిన తెల్లగుడ్డలో ఒక రూపాయి బిళ్లతో పాటు ముడుపు కట్టి, ఇనుప మంచం తలవైపు చట్రానికి వేలాడదీసింది. "ఇది వెంకన్న సొమ్ము సార్, చెత్తలో పడకూడదు" అని ఆమె చెప్పిన తరువాత, వార్డు ఊడ్చే ఆయా కూడా ఆ మంచం కిందికి చీపురు పెట్టే ముందు ఆగి ఆమెను అడిగేది.

నమ్మకానికి కారణమేమిటని అడిగినప్పుడు ఆమె బిడ్డకు నయమైందని చెప్పలేదు. అప్పటికి నయమవుతుందో లేదో ఎవరికీ తెలియదు. బిడ్డను ఆయనకు అప్పగించేశాను గనక రాత్రి కాసేపు నిద్ర పడుతున్నదని మాత్రమే చెప్పింది. నిద్రపోగలిగిన తల్లి మందుల వేళలు తప్పలేదు, జ్వరం వచ్చిన అరగంటలో సిస్టరును లేపేది.

ఆ పక్క మంచం మీద ఐదేళ్ల పిల్లవాడిది అదే వ్యాధి, అవే మందులు. తెల్లకణాలు బాగా పడిపోయిన దశలో రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకి ఐదో వారంలో చనిపోయాడు. ఆ వ్యాధి బయటపడినప్పటి నుంచి తండ్రి రెండుసార్లు అలిపిరి మెట్లదారిన కొండెక్కి వచ్చాడు. పిల్లవాణ్ణి తీసుకువెళ్లే ముందు, గోడకు అంటించిన దేవుడి పటాన్ని అంచు చిరగకుండా నెమ్మదిగా ఊడదీసి సిస్టరు చేతికిచ్చాడు, చించలేదు, పారేయలేదు. "ఉన్నాడనుకుంటే ఆయన మీద కోపం వస్తుందమ్మా, లేడనుకుంటే కోపం లేదు" అన్నాడు. నాస్తికతకు తత్వవేత్తలు చెప్పిన కారణాలలో దుఃఖసమస్య, అంటే కరుణామయుడైన దేవుడుంటే లోకంలో ఇంత దుఃఖం ఎందుకన్న ప్రశ్న, చాలా పాతది. ఆ తండ్రి చెప్పింది మాత్రం అది కాదు. ఎవరి మీదా కోపం లేకుండా బిడ్డ కోసం ఏడవడానికి ఆయనకు దేవుడు లేకపోవడం అవసరమైంది. తల్లి నమ్మకం ఆమె భారాన్ని ఎలా దించిందో, తండ్రి అవిశ్వాసం ఆయన భారాన్ని అలాగే దించింది. ఈ రెండు మంచాల మధ్య దూరం నాలుగడుగులు.

దుఃఖమే మనిషిని ఏదో ఒక వైపుకు నెడుతుందని ఇంత మాత్రాన తేల్చడానికి వీలులేదు. హక్స్‌లీ పెద్దకొడుకు నోయెల్ 1860లో స్కార్లెట్ జ్వరంతో నాలుగేళ్లయినా నిండకుండా పోయినప్పుడు, మతాచార్యుడైన మిత్రుడు చార్లెస్ కింగ్స్‌లీ ఆత్మ నిత్యత్వాన్ని గుర్తుచేస్తూ ఓదార్పు లేఖ రాశాడు. దానికి హక్స్‌లీ ఎంతో మర్యాదగా, సుదీర్ఘంగా జవాబిస్తూ, కేవలం తనకు ఊరట కలుగుతుందన్న కారణంతో రుజువు లేనిదాన్ని నమ్మలేనని వివరించాడు. ఆయన అవిశ్వాసం కొడుకు మరణంలో పుట్టింది కాదు, ఆ మరణం ముందు నిలబడింది. అటువంటి నిలకడ గల నాస్తికులు, అంతే నిలకడ గల ఆస్తికులు వార్డులలో అరుదుగానైనా కనబడుతూనే ఉంటారు.

వైద్యునికీ బంధువులకూ మధ్య ఒక మౌలికమైన తేడా ఉంది. తల్లికి ఒకే మంచం కనబడుతుంది, వైద్యునికి వార్డులోని ముప్పై మంచాలూ కనబడతాయి. 1960ల ఆరంభంలో దాదాపు పిల్లలందరినీ బలిగొన్న ఈ లుకేమియా నేడు మంచి వసతులున్న దేశాలలో పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నయమవుతున్నది; ఆ కాలపు తల్లులు ఇప్పటివారికన్నా తక్కువగా మొక్కుకున్నారని ఎవరూ అనలేరు. ప్రార్థన ఫలితాన్ని నేరుగా కొలిచే ప్రయత్నాలు కూడా జరిగాయి. హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలోని ఆరు ఆసుపత్రులలో గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1,802 మందిని మూడు వర్గాలుగా విభజించి, 2006లో ఫలితాలను ప్రకటించింది. తమ కోసం ప్రార్థన జరుగుతున్నదో లేదో తెలియని రెండు వర్గాలలో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతానికి, జరగనివారిలో 51 శాతానికి శస్త్రచికిత్స తరువాత ఏదో ఒక చిక్కు వచ్చింది. ప్రార్థన జరుగుతున్నదని ఖాయంగా తెలిసినవారిలో అది 59 శాతం. ఆ చివరి అంకె కేవలం కాకతాళీయం కావచ్చు, లేదా అపరిచితులు ప్రార్థించవలసినంత ప్రమాదంలో ఉన్నామా అన్న బెంగ రోగులకు కలిగి ఉండవచ్చు. దూరాన ఉన్నవారి ప్రార్థన శస్త్రచికిత్స ఫలితాన్ని మార్చలేదని ఈ పరిశీలన చెబుతుంది. అంతకు మించి దేవుడి ఉనికిని గురించి ఇది చెప్పగలిగింది ఏమీ లేదు. దిండు మీది వెంట్రుకలు ఏరిన తల్లి నిద్రను ఈ లెక్క తాకను కూడా తాకదు.

కారణం తెలిస్తే భారం తగ్గుతుందని వైద్యులు సహజంగా అనుకుంటారు. అన్నివేళలా అలా జరగదు. రక్తంలోని హీమోగ్లోబిన్ సరిగా తయారు కాక, నెలనెలా రక్తం ఎక్కించుకోవలసి వచ్చే తలసీమియా వ్యాధిలో తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగా ఉంటూనే లోపమున్న జన్యువును చెరొకటి మోస్తారు. అటువంటి జంటకు కలిగే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాలలో ఇద్దరూ ఒకే తాత నుంచి ఆ జన్యువును పొంది ఉండే అవకాశం ఎక్కువ. ఏ జన్మలో చేసుకున్న పాపమో అని అత్తింట మాటలు పడిన ఒక స్త్రీ ఈ వివరం విని, పాపం కాదన్నమాట అని కొంగుతో ముఖం కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. అది ఉపశమనంతో వచ్చిన ఏడుపు. అదే వివరం విన్న మరొక స్త్రీ ముఖం పాలిపోయింది. దేవుడు రాశాడనుకున్నంతకాలం తట్టుకున్నాననీ, తన ఒంట్లోంచే బిడ్డకు సంక్రమించిందని తెలిశాక తట్టుకోలేకపోతున్నాననీ ఆమె చెప్పింది. వైద్యుడు తలరాతను తీసివేసిన చోట జన్యువును పెట్టాడు గాని, ఆ జన్యువు మోయడం ఎవరి తప్పూ కాదన్న రెండవ మాటను అదే గట్టితనంతో చెప్పలేదు. శాస్త్రం చెప్పడంలో వైద్యులు తరచుగా చేసే పొరపాటు ఇదే, దీనికి క్షమాపణ అవసరం.

కొన్ని నమ్మకాలు మాత్రం భారాన్ని తల్లి నెత్తిన పెట్టడానికే పుట్టినట్లుంటాయి. పై పెదవి చీలి పుట్టడాన్ని తెలుగులో గ్రహణం మొర్రి అంటారు. గర్భిణి గ్రహణాన్ని చూసిందనో, గ్రహణవేళ కత్తి పట్టిందనో ఆ పేరే నేరం మోపుతుంది. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 కాన్పులలో ఒకటిగా, గ్రహణాలతో ప్రమేయం లేకుండా ఈ లోపం కనబడుతుంది, శస్త్రచికిత్సతో సరవుతుంది. నాస్తికోద్యమ నాయకురాలు సరస్వతి గోరా తాను గర్భవతిగా ఉన్నప్పుడు కావాలనే గ్రహణం చూశారు. ఆమె భర్త గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, వృక్షశాస్త్ర అధ్యాపకుడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆయన స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. ఆ దంపతుల అవిశ్వాసం గ్రంథాలలో ఆగిపోక అంటరానితనం, బాణామతి, గ్రహణదోషం వంటి నిర్దిష్టమైన హానులకు వ్యతిరేకంగా పనిచేయడం వల్లనే దానికి వైద్యుల గౌరవం దక్కింది.

కృష్ణా జిల్లాకే చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఊపిరితిత్తుల వ్యాధి ముదిరి, ముఖానికి ఆక్సిజన్ మాస్కుతో ఐ.సి.యు.లో కొన్నాళ్లు గడిపాడు. ఎనిమిదేళ్ల వయస్సులో ఊరిలో కలరా వచ్చినప్పుడు జాతర ఖర్చుకు తండ్రి పాడిగేదెను అమ్మాడనీ, జాతర ముగిసిన మూడో రోజున చెల్లెలు పోయిందనీ, అందరూ తాగిన చెరువునీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదనీ ఆయన చెప్పాడు. హేతువాద గ్రంథాలు చదివింది ఇరవై ఏళ్లు దాటాక. నమ్మకం పోయింది మాత్రం ఎనిమిదో ఏట అని ఆయనే విడదీసి చెప్పడం గమనించదగినది, ఎందుకంటే తమ కారణాలను ఇంత నిజాయితీగా వరుసలో పెట్టుకోగలవారు ఆస్తికులలోనూ నాస్తికులలోనూ కొద్దిమందే. ఒకరోజు దిండు కింద భార్య దాచిన విభూతి పొట్లం డ్యూటీ డాక్టరు కంటపడింది. ఆయన మాస్కు కొంచెం పక్కకు జరిపి, "తీయకండి డాక్టరు గారూ, అది నాకు కాదు, ఆవిడకి మందు" అన్నాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య కళాశాలకు అప్పగించడానికి ఆమె అభ్యంతరం చెప్పలేదు. పదకొండో రోజు కర్మ మాత్రం తన పద్ధతిలో చేయించుకుంది.

చరకసంహిత సూత్రస్థానంలో చికిత్స మూడు విధాలుగా చెప్పబడింది: మంత్రం, హోమం, ఉపవాసం వంటి వాటితో చేసే దైవవ్యపాశ్రయం, ఆహారాన్ని, ఔషధాన్ని యుక్తిగా కూర్చే యుక్తివ్యపాశ్రయం, మనసును హానికరమైన విషయాల నుంచి మరల్చే సత్త్వావజయం. నేటి వైద్యుడు మొదటిదాన్ని చేయడు, చేయకూడదు కూడా. అయితే రోగి దానిని చేసుకుంటున్నాడో లేదో తెలుసుకోకపోతే మూడవదానిలో విఫలమవుతాడు. అమెరికాలో కెన్నెత్ పార్గమెంట్ బృందం ఆసుపత్రిలో చేరిన 596 మంది వయసుమళ్లిన రోగులను రెండేళ్లపాటు గమనించి 2001లో ప్రకటించిన ఫలితాలలో, దేవుడు తమను వదిలేశాడనీ శిక్షిస్తున్నాడనీ మథనపడినవారిలో మరణాలు కొంత ఎక్కువగా కనబడ్డాయి. నమ్మకం ఉన్నా అది భారం దించకపోగా భారాన్ని పెంచుతున్న స్థితి ఇది. ఇటువంటి రోగి పూజ చేస్తూనే ఉంటాడు, బొట్టు పెట్టుకునే ఉంటాడు, అడగనిదే బయటపడడు. ఆస్తికుడా నాస్తికుడా అని కాక, ఈ జబ్బు మీకు ఎందుకు వచ్చిందనుకుంటున్నారు అని అడిగితే చాలు, అసలు సంగతి దానంతట అదే వస్తుంది. ఈ ప్రశ్నకు రెండు నిమిషాలు పట్టదు, అయినా వైద్యులలో అధికసంఖ్యాకులు దీనిని అడగరు.

రోగులూ తమ వంతుగా చాలా దాస్తారు. అయ్యప్ప దీక్షలో నలభై ఒక్క రోజులు ఒంటిపూట భోజనం చేస్తూ మధుమేహం మాత్రలు ఎప్పటిలాగే వేసుకుని, చక్కెర పడిపోయి స్పృహ తప్పినవారు, రంజాను ఉపవాసాలలో ఇన్సులిన్ పూర్తిగా మానేసి ప్రమాదంలో పడినవారు, స్వస్థత కూటానికి వెళ్లివచ్చి మూర్ఛ మాత్రలు ఆపేసినవారు ప్రతి ఏటా అత్యవసర విభాగానికి వస్తూనే ఉన్నారు. వీరిలో చాలామంది డాక్టరు తిడతాడన్న భయంతోనే ముందుగా చెప్పలేదు. దీక్ష తీసుకోబోతున్నా, ఉపవాసం ఉండబోతున్నా, మొక్కు తీర్చుకోవడానికి కొండెక్కబోతున్నా, లేక ఇవేవీ వద్దని, మీ దగ్గర ఏ పూజా చేయించవద్దని కోరుకుంటున్నా, ఆ సంగతిని వైద్యునికి ముందే చెప్పండి. మందుల వేళలు, మోతాదులు చాలావరకు దానికి తగినట్లు మార్చవచ్చు.