తాతగారి తమంచా

పూర్వుల నుండి సంక్రమించే ఆస్తులలో భూమికి కొలత ఉన్నది, బంగారానికి తూకం ఉన్నది, ఇంటికి హద్దులు ఉన్నవి. ఆయుధానికి మాత్రం ఇవేవీ చాలవు. అది ఎక్కడి నుండి వచ్చినది, దేనికి ఉపయోగపడినది అని తెలిసిన పిమ్మటనే దాని విలువ తేలుతుంది. మా ఇంటి పాత రివాల్వరు విషయంలో మాకు ఇది అనుభవమైనది.

మా స్వగ్రామం కల్వకుర్తికి సమీపంలోనిది. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. తాతగారు నిజాం ప్రభుత్వంలో మాలీ పటేలు. వారి తరువాత ఆ రివాల్వరు లైసెన్సు నాన్నగారి పేర ఉండేది. నాన్నగారు కాలధర్మం చెందగానే, 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం, దానిని తూటాలతో సహా హైదరాబాదులో లైసెన్సుగల ఒక వ్యాపారి వద్ద డిపాజిటు చేశాము.

దానిని గురించి మా బంధువులలో రెండు కథలు ప్రచారంలో ఉండేవి. యుద్ధంలో పనిచేసిన ఒక తెల్లదొర తాతగారికి దానిని బహూకరించినాడని మొదటి కథ. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన రోజులలో తాతగారు దానిని పేల్చి ఊరిని నిలబెట్టినారని రెండవది. పెండ్లి పందిళ్ళలో ఈ రెండవ కథను మీసం దువ్వుతూ చెప్పేవారు. అదే కథ మా ఊరి ముస్లిం కుటుంబం ఒకదానిలో వేరు విధంగా వినిపించేది. ఆ దినాలలో వారి ఇంటి పెద్ద ఒకరు ఊరు దాటి వెళ్ళి మరలా రాలేదు. మావారికి గర్వకారణమైన ఆ కాల్పు వారికి మానని గాయం. మూడు తరాలుగా ఆ ఇంటివారు మా గడప తొక్కలేదు, మేము వారి గడప తొక్కలేదు.

వ్యాపారి రివాల్వరును పరీక్షించిన తీరు చూడదగినది. మొదట అందులో తూటా లేదని నిశ్చయించుకున్నాడు. పిడికి పైన ఉన్న మీటను బొటనవ్రేలితో నొక్కగా గొట్టం ముందుకు వంగి, తూటాల చక్రం తెరుచుకున్నది. ప్రక్కన రెక్కలున్న తూటా బొమ్మ. అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ గుర్తు. కిరీటం క్రింద చెక్కిన అక్షరాలు అక్కడి పరీక్షాశాల ముద్రలు. బ్రిటిషు ప్రభుత్వపు సొత్తుపై కనబడే బాణపు గుర్తు మాత్రం ఎక్కడా లేదు. నాటి సైనికాధికారుల వెబ్లీ రివాల్వరు .455 బోరుది, ఇది.32 బోరుది, జేబులో పట్టేది. తెల్లదొర కథ అక్కడితో ముగిసినది.

మాకు కలిగిన మేలు కూడా అక్కడనే ఉన్నది. .455, .380 వంటి సైనిక తూటాలు పట్టే ఆయుధాలను మన చట్టం నిషిద్ధ తరగతిలో ఉంచినది. .32 బోరుకు ఆ చిక్కు లేదు. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారం వెబ్లీ నమూనాపైననే .32 రివాల్వరు చేస్తున్నందున దీనికి తూటాలు కూడా దొరుకుతాయి.

ఇక ధర. వయస్సు ఒక్కటే ధరను పెంచదని వ్యాపారి వివరించాడు. పూత అసలుదేనా, చక్రం సరిగా తిరిగి నిలుస్తున్నదా, దానిమీది నంబరు లైసెన్సులోని నంబరుతో సరిపోతున్నదా అన్నవే చూస్తారట. ప్రైవేటు వ్యక్తులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980లలో ఆగిపోయినందున పాతవాటికి గిరాకీ ఉన్నది. కానీ కొనేవాడికి లైసెన్సు ఉండాలి. అమ్మకపు సంగతి వ్రాతపూర్వకంగా అధికారులకు తెలిపి 45 రోజులు ఆగాలి. అందువల్ల ఇది సంతలో బేరమాడే వస్తువు కాదు. ఆ డబ్బుతో బోరుబావి అప్పు తీరునని ఆశించిన పెద్దన్నగారికి, వ్యాపారి చెప్పిన ధర సగం అప్పుకే సరిపోయినది.

నంబరు సరిచూడటానికి తాతగారి నాటి లైసెన్సు వెలికి తీశాము. అది ఉర్దూలో, షికస్తా వ్రాతలో ఉన్నది. తాతగారు అనర్గళంగా చదివిన లిపి మాలో ఒక్కరికీ రాదు. మా కళాశాల ఉర్దూ అధ్యాపకులు భూతద్దం పెట్టుకొని ఓపికగా చదివిపెట్టారు. ఫస్లీ 1350, దానికి 590 కలుపగా క్రీస్తుశకం 1940. కారణం: సర్కారీ రకం తాలూకా ఖజానాకు చేర్చునపుడు రక్షణ. కార్తూసులు: ఇరవై అయిదు. వాటిని కొన్న నమోదు ఒక్కటే. ఆ తరువాతి నమోదులన్నీ లైసెన్సు పొడిగింపులే. నాన్నగారి లైసెన్సులోనూ వేరే కొనుగోలు లేదు. మేము వ్యాపారి వద్ద డిపాజిటు చేసినపుడు పొందిన రసీదులో ఉన్న పాత తూటాల సంఖ్య కూడా ఇరవై అయిదే.

కాగితం చెప్పగలిగినంత వరకు, ఆ తమంచా ఒక్కసారి కూడా పేలలేదు.

అన్నదమ్ములం ఆలోచించి ఆ లైసెన్సును, రసీదును తీసుకొని ఆ ఇంటికి వెళ్ళాము. అక్కడి వృద్ధులు కళ్ళద్దాలు సవరించుకొని స్వయంగా చదువుకున్నారు. చాలాసేపటికి “పచ్చీస్” అని ఒక్కమాట అన్నారు. పిదప, “కూర్చోండి బేటా, చాయ్ తాగి పోదురు” అన్నారు. వారి ఇంటి పెద్ద ఏమైనారో ఆ కాగితం చెప్పలేదు. ఆ దుఃఖం వారికి అట్లే ఉన్నది. రెండు ఇండ్ల నడుమ నిలిచిన ఒక అబద్ధం మాత్రం తొలగినది.

అక్కచెల్లెళ్ళ సమ్మతితో రివాల్వరును అమ్మివేశాము. లైసెన్సు కాగితాన్ని మా వద్దనే ఉంచుకున్నాము. సోదర విద్యార్థులారా! మన ఇండ్ల పెట్టెలలో సేత్వార్లు, పహాణీలు, లైసెన్సులు చదివేవారు లేక చెదలకు ఆహారమవుతున్నవి. ఉర్దూ తెలిసినవారు తెలుగువారికి, తెలుగు తెలిసినవారు ఉర్దూవారికి చదివి చెప్పుదురు గాక! ఆ సదుపాయం ఈ కళాశాల ప్రాంగణంలోనే ఉన్నది.