అమ్మేద్దామా, ఇంజన్ పని చేయిద్దామా?

ఏమండోయ్, మీ షెడ్డులో ఉన్న బుల్లి ట్రాక్టరు మాటే. మామిడి కొమ్మల కింద దూరి దున్నుతుందని కొన్నారు కదా, అది. పదిహేనేళ్లు నిండబోతున్నాయి. పొద్దున్నే స్టార్టు చేస్తే తెల్లపొగ కక్కుతోంది. లిఫ్టు ఎత్తి వదిలితే, మీరు కాఫీ తాగి వచ్చేలోపు గొర్రు నేల మీద కూర్చుంటోంది. మీ బావమరిదేమో వచ్చినప్పుడల్లా “ఇంకా ఎందుకు బావా దీంతో తంటాలు, ఎక్స్ఛేంజికి ఇచ్చేసెయ్” అని ఊదరగొడుతున్నాడు. అతనిదేం పోయింది, కిస్తీ కట్టేది మీరు.

ముందు ఒక భయం తీర్చేసుకుందాం. పదేళ్లు దాటిన ట్రాక్టర్లన్నీ తుక్కు కింద పోతాయని ఆ మధ్య ఫోన్లలో తెగ తిరిగింది. అది ఉత్త పుకారని కేంద్ర రోడ్డు రవాణా శాఖే చెప్పింది. వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనాల లెక్కలోకి రాదు. మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లకు చేస్తారు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. ఢిల్లీ చుట్టుపక్కల పాత డీజిల్ బళ్ల గొడవ వేరు, అది మన నూజివీడు తోటల దాకా రాలేదు. కాబట్టి వయసు పేరు చెప్పి ఎవరైనా తొందరపెడితే, ఒక నవ్వు నవ్వి ఊరుకోండి.

ఈ చిన్న ట్రాక్టర్ల పుట్టుక కూడా కాస్త తెలుసుకుంటే మంచిది. మన తోటల్లో ఎక్కువగా కనబడే మిత్సుబిషి శక్తి ఉంది చూశారూ, అది బెంగుళూరు వీఎస్టీ టిల్లర్స్ వాళ్లది. 1967లో జపాన్ మిత్సుబిషితో చెయ్యి కలిపి మొదలైన కంపెనీ. జపాన్‌లో వరిమళ్లు చిన్నవి, ట్రాక్టర్లూ ఆ కొలతకే పుట్టాయి. శక్తిది పద్దెనిమిదిన్నర హెచ్‌పీ, మూడు సిలిండర్లు. మహీంద్రా యువరాజ్ ఇంకా చిన్నది, 15 హెచ్‌పీ, ఒకే సిలిండరు. ఏ పేరైనా కానివ్వండి, పాత మినీ ట్రాక్టర్లన్నిటికీ ఒక మంచి గుణం ఉంది: అంతా మెకానికల్. డీజిల్ పంపు, నాజిళ్లు, గేర్లు, లిఫ్టు, అంతే. కంప్యూటరు పెట్టి చూస్తే గాని తెలియని రోగాలు వాటికి రావు. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాక వాటిలోకి సెన్సార్లూ, కామన్ రైలు పంపులూ దిగాయి. మీ ముసలిదానికి మాత్రం మన ఊరి మెకానిక్కు చాలు. దాన్ని ఉంచుకోమని నేననడానికి ఇదే పెద్ద కారణం.

ఇక డబ్బు సంగతి. కొత్త మినీ కొనాలంటే మోడల్ని బట్టి మూడున్నర నుంచి అయిదు లక్షల మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కదా, షోరూముల వాళ్లు ఆ మాటే మైకుల్లో చెబుతున్నారు. నిజమే, పన్ను కలపకముందు నాలుగు లక్షలున్న బండికి 28 వేలు తగ్గినట్టే. కానీ మైకులో చెప్పని ముక్క ఒకటుంది. ట్రాక్టరు కోసమే చేసే విడిభాగాల్లో చాలావాటి మీదా, టైర్ల మీదా పన్ను 18 నుంచి అదే 5కి దిగింది. అలాంటి నలభై వేల సామానుకి 7,200 పన్ను కట్టేవాళ్లం, ఇప్పుడు 2,000. శాతం చూస్తే కొత్తది కొనేవాడికన్నా పాతది బాగుచేయించుకునేవాడికే ఎక్కువ కలిసొచ్చింది.

అప్పు లెక్క కూడా వేసుకోండి, పెన్ను తీయండి. పాతది ఇచ్చి, చేతిలోది కొంత కట్టి, మూడు లక్షలు ఫైనాన్సు తీసుకున్నారనుకుందాం. 12 శాతం వడ్డీ, అయిదేళ్లు, ఆర్నెల్లకో కిస్తీ. కిస్తీ దాదాపు 40,760 వస్తుంది. పది కిస్తీలు కట్టేసరికి నాలుగు లక్షల ఏడు వేల ఆరు వందలు. అంటే వడ్డీయే లక్ష దాటింది. చిన్న ట్రాక్టరుకి ఇంజన్ పూర్తి పని మామూలుగా ఒకటి, మహా అయితే రెండు కిస్తీల డబ్బుతో తేలిపోతుంది. ఏ ఏడైనా పూత మాడిపోతే ట్రాక్టరు మాట్లాడకుండా షెడ్డులో నిలబడుతుంది, ఫైనాన్సు వాళ్లు నిలబడరు.

అయితే అన్ని ముసలి ట్రాక్టర్లూ బాగుచేయించుకోదగ్గవేనా అంటే, కాదు. చూసి తేల్చుకోవాలి. చూడ్డం అంటే పొగ రంగూ, ఆయిలు రంగూ చూడ్డమే.

చల్లటి ఇంజను స్టార్టయినప్పుడు తెల్లపొగ వచ్చి, వేడెక్కాక ఆగిపోతే సగం భయం పోయినట్టే. డీజిలు సరిగ్గా కాలడం లేదన్నమాట. నాజిళ్లు చూపించాలి, కంప్రెషను చూపించాలి. వేడెక్కాక కూడా తెల్లగా ఆవిరి వస్తూ, రేడియేటర్లో నీళ్లు తగ్గిపోతుంటే హెడ్డు పేకింగు అనుమానించండి. ఆయిలు గేజీ తీసి చూస్తే పాలు కలిపినట్టుంటే అనుమానం కూడా అక్కర్లేదు. నల్లపొగ చాలాసార్లు గాలి అందకపోవడం వల్లే. ఎయిర్ క్లీనరు విప్పి చూడండి, సగం తోట మట్టి అందులోనే ఉంటుంది. నీలంపొగ వస్తే ఆయిలు కాలుతోందని, అంటే రింగులూ, బోరూ అరిగాయని. ఇంజను వేడిగా తిరుగుతున్నప్పుడు ఆయిలు పోసే మూత తీసి చూడండి. అందులోంచి బుసబుసమని పొగ ఎగదన్నుతుంటే పని పడినట్టే.

ఇక్కడ ఒక చిన్న క్లిప్పు గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఎయిర్ క్లీనరుకీ ఇంజనుకీ మధ్య ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. దాన్ని బిగించే క్లిప్పు వదులైనా, గొట్టం పగిలినా ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ట్రాక్టరు బాగానే నడుస్తుంది. ఎండిన మామిడితోటలో రోటావేటరు తొక్కుతుంటే లేచే దుమ్మంతా క్లీనరు తప్పించుకుని నేరుగా సిలిండరులోకి పోతుంది. మట్టి, ఆయిలు కలిస్తే సానరాయే. కొత్త రింగులు ఒక్క సీజనులో అరిగిపోయి, మెకానిక్కుని తిట్టుకునేవాళ్లలో సగంమంది గొట్టం వైపు చూడనివాళ్లే. రేడియేటర్లో బోరునీళ్లు పోసేవాళ్లదీ ఇదే కథ. ఆ నీళ్ల ఉప్పు లోపల పొరలు పొరలుగా గడ్డకట్టి ఇంజన్ని వేడెక్కిస్తుంది, హెడ్డు పేకింగు కాలిపోతుంది, పేరేమో కంపెనీకి చెడ్డది వస్తుంది.

లిఫ్టు దిగిపోతోందన్నారు కదా. చాలా చిన్న ట్రాక్టర్లలో గేర్లకూ, లిఫ్టుకూ ఆయిలు ఒకటే. ఎప్పుడైనా వరిచేలో దమ్ముకి దింపారా? యాక్సిలు ఆయిల్ సీళ్లు అరిగి ఉంటే దమ్ము నీళ్లు లోపలికి దిగుతాయి. ఆ ఆయిలే లిఫ్టు పంపులోకి పోతుంది. ముందు ఆయిలు దింపి, సీళ్లు వేయించి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిలు పోసి చూడండి. కొన్ని లిఫ్టులు అక్కడికే దారికొస్తాయి. అప్పటికీ దిగుతుంటే లిఫ్టు సిలిండరు, దాని పిస్టన్ రింగులు విప్పించవచ్చు.

మా మెకానిక్కు ఒకాయన ఉన్నాడు, మాట పొదుపు, పని ఖర్చు. ఒకసారి అన్నాడు: “బాబాయ్, ఇంజన్ సంగతి నాకొదిలెయ్యండి. గేరు బాక్సు హౌసింగు పగిలితే మాత్రం నన్ను పిలవొద్దు.” గొప్ప తీర్పు అది. సిలిండరు అరిగితే లైనర్లు మారుస్తారు, లైనరు లేని ఇంజనైతే బోరు చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. క్రాంకు గ్రైండింగు చేసి అండర్‌సైజు బేరింగులు వేస్తారు. కానీ పోత ఇనుప హౌసింగు పగిలిందీ, పాత వెల్డింగు మచ్చలు కనబడుతున్నాయీ అంటే, ఆ ట్రాక్టరు మీద పెట్టే ప్రతి రూపాయీ అనుమానమే.

పని చేయించదలుచుకుంటే పూర్తిగా చేయించండి. ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. పాత ట్రాక్టరుకి చెడ్డపేరు తెచ్చేది సగం రిపేరు. “రింగులు మార్చేస్తాను, ఏడాది లాగుతుంది” అంటాడు ఒకడు. బోరు కోలగా అరిగి ఉంటే కొత్త రింగులు అందులో ఎలా కూర్చుంటాయి? మూడు నెలలకి మళ్లీ పొగ. ఈసారి నాజిళ్లంటాడు, ఆ తర్వాత పంపు అంటాడు, విప్పినప్పుడల్లా పేకింగులూ, ఆయిలూ, కూలీ దండగ. ఒక్కసారే ఇంజను దింపి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లండి. బోరింగు, క్రాంకు గ్రైండింగు, పంపు కాలిబ్రేషను, రేడియేటరు పని, అన్నీ అక్కడే దొరుకుతాయి. పక్కన నిలబడి బోరు కొలత, క్రాంకు కొలత మీ కళ్లముందు తీయించండి, కాయితం మీద రాయించండి. మార్చిన పాత సామాను వెనక్కి అడగండి. రింగులు, బేరింగులు, ఆయిల్ సీళ్లు, ఫిల్టర్లు కంపెనీవే కొనండి. మడ్గార్డూ, సైలెన్సరూ లోకల్‌వి అయినా నష్టం లేదు.

ఎప్పుడు చేయించాలంటే, మామిడి రైతుకి కార్తీకమాసం. దసరా దున్నకాలు అయిపోయి ఉంటాయి, పూత ఇంకా రాదు. పూత మీద తేనెమంచు పురుగు దిగిన వారంలో స్ప్రేయరు తిప్పే ట్రాక్టరు ఇంజను విప్పి పడి ఉంటే, ఆ నష్టం రిపేరు బిల్లులో కనబడదు గాని తోటలో కనబడుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ఉన్నవాళ్లకి ఒక మాట. టైర్లు మార్చేటప్పుడు ముందువీ వెనకవీ కంపెనీ చెప్పిన సైజులే, జతగా చూసుకోండి. వెనక టైర్లు మాత్రం దొరికిన సైజు కొత్తవి వేసి, ముందు అరిగినవి ఉంచేస్తే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడంతా ఫ్రంట్ యాక్సిలు గేర్ల మీద పడుతుంది. టైర్ల దగ్గర మిగిల్చింది గేర్ల దగ్గర కట్టాలి.

ఇంజనుకన్నా ముందు బ్రేకులు చేయించండి. పొగ కక్కే ట్రాక్టరు విసుగు పుట్టిస్తుంది, బ్రేకు పడని ట్రాక్టరు మనిషిని తీసుకుపోతుంది. పాత మినీలకు చాలావాటికి వెనక రక్షణ కమ్మీ ఉండదు, గట్టు మీద తిరగబడితే ఆపేదేమీ లేదు. రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్లూ కలిపి లాకు వేయండి. ఒక్క పెడలే తొక్కితే ట్రాలీతో సహా పక్కకి తిప్పేస్తుంది. పీటీఓ షాఫ్టు మీద కవరు పోయి ఉంటే కొత్తది వేయించండి, లుంగీ కట్టుకుని దాని పక్కన ఎవర్నీ నిలబడనివ్వకండి.

సామాను దొరక్కపోతే ఎలా అంటారా? కంపెనీ మూతపడ్డంత మాత్రాన బెంగపడక్కర్లేదు. హెచ్ఎంటీ వాళ్లు హర్యానా పింజోరులో ట్రాక్టర్లు చేయడం ఆపేశారు, కేంద్రం 2016లో మూసివేతకు ఒప్పుకుంది. హెచ్ఎంటీ ట్రాక్టర్లు ఇప్పటికీ దున్నుతున్నాయి. లక్షల్లో అమ్ముడైన బండికి సామాను చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చిక్కల్లా మన ప్రాంతంలో పదో పాతికో అమ్ముడై, డీలరు షట్టరు దించేసిన మోడళ్లతోనే. అలాంటిదైతే విప్పకముందే ఆటోనగర్‌లో రెండు మూడు కొట్లు తిరిగి, క్రాంకు బేరింగులూ, హెడ్డు పేకింగూ, క్లచ్ ప్లేటూ ఉన్నాయో లేవో కనుక్కోండి. మూడింట్లో ఏ ఒక్కటి దొరక్కపోయినా విప్పవద్దు, నడుస్తుండగానే అమ్మేయండి. నడిచే ట్రాక్టరుకి ధర ఉంది, విప్పిన ట్రాక్టరుకి తూకమే.

నన్నడిగితే, ఏడాదికి 150, 200 గంటలు సొంత తోటలో తిప్పుకునేవాళ్లు, హౌసింగు బాగుండి సామాను దొరుకుతుంటే, కొత్తది కొనాల్సిన పనే లేదు. ఊరందరికీ కిరాయికి తిప్పేవాళ్ల మాట వేరు. వాళ్లకి ఆగిన రోజల్లా కిరాయి పోతుంది, పిలిచే రైతులూ ఇంకొకరి దగ్గరికి పోతారు. వాళ్లు మార్చుకోవడమే మేలు.

అమ్మేవాళ్లు మాత్రం ఒక్క పని మర్చిపోకండి. డబ్బు చేతికొచ్చింది కదా అని తాళం ఇచ్చి పంపేయకుండా, ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయించి, ఆర్సీలో కొన్నవాళ్ల పేరు పడేదాకా వెంటపడండి. పేరు మారకముందు ఆ ట్రాక్టరు ఎక్కడ ఎవర్ని గుద్దినా, పరిహారం కేసు ఆర్సీలో ఉన్న పేరు మీదికే వస్తుంది.