ఖాళీ జాగా

మా బాలాపూరులో ఇద్దరు కలిస్తే, కుశలప్రశ్నలు ముగిసీ ముగియకముందే మాట గజం ధర మీదికి మళ్ళుతుంది. 1994లో 450 రూపాయలకు పాడిన వినాయకుడి లడ్డూ నేడు లక్షలు పలికే ఊరు మాది. వెల కట్టడం మాకు ఒకరు నేర్పాలా!

అందుచేత, మా పక్కింటి మాస్టారు హరిణ వనస్థలి గేటు దాటుతూనే, "3,600 ఎకరాలా! ఎన్ని ప్లాట్లు పడేవండీ!" అన్నప్పుడు నేనేమీ ఆశ్చర్యపోలేదు.

మాకది దూరం కాదు. కర్మన్‌ఘాట్ మీదుగా ఎల్.బి.నగర్ చేరి, విజయవాడ రోడ్డు పట్టుకుంటే వనస్థలిపురం దగ్గర కనిపిస్తుంది. ఒకప్పుడు నిజాం ప్రభువు వేటకని అట్టేపెట్టుకున్న అడవి. 1975లో, మహావీరుని 2500వ నిర్వాణోత్సవాల సందర్భంగా దాన్ని జింకలకు వదిలి, ఆయన పేరే పెట్టారు. తుపాకులు మోగిన చోటికి అహింసామూర్తి పేరు! 1994లో జాతీయ ఉద్యానవనం కూడా అయింది.

లోపల చదునైన మట్టిబాట. మోకాళ్ళ నొప్పులున్న మాస్టారు సైతం చేతికర్రతో తాపీగా నడిచారు. ఆకాశాన్నంటే మహావృక్షాల కోసం వచ్చేవారికి ఇది కాస్త నిరాశే. వేప, తుమ్మ, మోదుగు, ముళ్ళపొదలు, మధ్య మధ్య ఎండుగడ్డి మైదానం.

"ఈ గడ్డి నేలైనా ఖాళీయే కదండీ?" అన్నారాయన.

అంతలో ఆ గడ్డిలోనే కదలిక. మెలితిరిగిన కొమ్ములతో నల్లని మగజింక, దాని వెనుక కొమ్ముల్లేని లేత గోధుమవన్నె ఆడజింకలు. కృష్ణజింకలు! చుక్కల దుప్పి చెట్ల నీడను ఆశ్రయిస్తుంది. కృష్ణజింకకు మాత్రం బయలే కావాలి. దానికి రక్ష రెండే: చూపు, పరుగు. శత్రువు దూరాన ఉండగానే కనపడాలి, కనపడగానే పరుగెత్తడానికి చోటుండాలి. మనం ఖాళీ అనుకునే జాగాయే దానికి గోడా, తలుపూ, గడియా.

ఆ మాటే మాస్టారితో అన్నాను. ఆయన బదులు చెప్పలేదు. గుంపు పొదల చాటుకు పోయేదాకా కర్ర మీద వాలి చూస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి నా వైపు తిరిగి, "మరి ఈ జాగా వాటికి చాలుతుందంటారా?" అని అడిగారు.

కంచె అవతల ఆకాశంలోకి లేచిన మేడల వంక చూశాను. ఏమని చెప్పను?