కంటి యంచున నారుమడి

మన పలనాటిసీమ రాళ్లకు పేరుపడినది. మాచర్ల, గురజాల ప్రాంతముల నేలలో సున్నపురాయి మెండు. పిడుగురాళ్ల బట్టీలలో ఆ రాతిని కాల్చి సున్నము చేయుదురు. వెల్లవేయుటకును, తాంబూలమునకును, ఎన్నో కుటుంబముల జీవనమునకును ఆ సున్నమే ఆధారము. అది కంటబడినచో మాత్రము మహాక్రూరము. ఆమ్లములు చాలవరకు పైపొరను కాల్చి నిలిచిపోవును. సున్నమువంటి క్షారము లోనిలోనికి చొచ్చుకొనిపోవును.

మా వీధి బాలుడొకడు మావారి బడిలో నాలుగవ తరగతి చదువుచున్నాడు. క్రిందటి యేడు ఆకువక్కతో నిచ్చు సున్నపు పొట్లమును నలిపి యాడుకొనుచుండగా అది పగిలి కుడికంట చిమ్మినది. కొన్ని నెలలకు ఎరుపు తగ్గినది గాని, నల్లగ్రుడ్డుపై తెల్లనిపొర క్రమ్మి చూపు పోయినది. బట్టీలో కూలిచేయు వాని తల్లి యొకనాడు నాయొద్దకు వచ్చి, "అమ్మగారూ, నా కన్నొకటి తీసి మావోడికి పెట్టమంటే డాక్టర్లు పెట్టరంటారా?" అని యడిగినది. ధూర్జటి కావ్యమున తిన్నడు తన కన్ను పెకలించి శివుని కంట నుంచిన కథ నేను చిన్ననాడు మా నాయనగారియొద్ద చదివితిని. ఆ తల్లి యక్షరమెరుగదు; అయినను ఆమె తలచినదియు నదియే. ఆమెకు బదులు చెప్పుటకై తెలిసికొన్న సంగతులే యిచ్చట వ్రాయుచున్నాను.

నల్లగ్రుడ్డుపై అద్దమువంటి కార్నియా యను పొర కలదు. దాని పైకణములు నిత్యము రాలుచు, క్రొత్తవి పుట్టుచుండును. ఆ క్రొత్తవాని పుట్టినిల్లు తెలుపును నలుపును కలియు అంచు. మూలకణము లచ్చట కాపురముండును. మూలకణము విభాగమై, తనవంటిదానిని నిలుపుకొనుచు, వేరొకదానిని పనికి పంపగలదు. మిరపతోటకు నారుమడి యెట్టిదో, కంటికి ఆ యంచట్టిది. సున్నము నారుమడినే కాల్చివేసినచో, తెల్లభాగపు పొర రక్తనాళములతో గూడ నల్లగ్రుడ్డుమీదికి ప్రాకును. అప్పుడు నేత్రదానమున లభించిన కార్నియాను మాత్రమే అతికినను నిలువదు. నారు లేని చేనికి మన్ను మార్చిన నేమి ఫలము?

1997లో ఇటలీదేశమున గ్రాజియెల్లా పెల్లెగ్రీని యను విదుషియు, ఆమె సహచరులును మంచికంటి అంచు కణములను ప్రయోగశాలలో పెంచి, ఇద్దరు రోగుల కండ్లకు నాటిన వార్తను ప్రకటించిరి. హైదరాబాదులో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో 2001 మొదలు వేముగంటి గీతగారు, వీరేందర్ సాంగ్వాన్‌గారు మున్నగువా రీ చికిత్స సాగించిరి. 2012లో సాంగ్వాన్‌గారును సహచరులును ప్రయోగశాల యక్కరలేని సులభమార్గమును ప్రకటించిరి. మంచికంటి అంచునుండి రెండు మిల్లీమీటర్ల తునకను తీసి, ఎనిమిది పది ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటిపై పరచిన పొరమీద నాటుదురు. ఆ పొర యేదనుకొంటిరి? ప్రసవమునందు మాయతో వెలువడు ఉమ్మనీటిసంచి పొర! ఒక తల్లి యిచ్చినది మరియొక తల్లి బిడ్డకు పాన్పగుచున్నది. కణములు ఆ కంటిపైననే పెరిగి యల్లుకొనును. 2016లో ప్రకటించిన లెక్కలో 125 కండ్లకుగాను 95 కండ్ల పైపొర చక్కగా నిలిచినది. వారిలో 60 మంది పిల్లలు.

నేనీ మాటలు చెప్పగా ఆ తల్లి, "వాడి కన్నే ఎందుకు? నాది తీసుకోరాదా?" అన్నది. తల్లి కణమైనను బిడ్డ దేహమునకు పరాయిదే. దానిని నిలుపుటకు బలమైన మందులు చిరకాలము వాడవలెను. "మరి ఉన్న ఒక్క కంటికీ మోసం రాదు గదా?" అన్నది. తీయునది బియ్యపుగింజకంటెను చిన్నది, దానివలన మంచికంటికి హాని కలుగుట అరుదు అంటిని. అయినను బిడ్డకు మిగిలిన యొక్క కంటిపై కత్తి పెట్టుటకు ఒప్పుకొనుట యెంత కష్టమో తల్లులైన మీకు నేను చెప్పనక్కరలేదు. రెండు దినములు ఆలోచించి ఒప్పుకొన్నది. వచ్చే వారము తల్లీకొడుకులను మావారు హైదరాబాదునకు తీసికొనిపోవుచున్నారు. చికిత్స తగునా తగదా యనునది వైద్యులు చూచి చెప్పవలెను.

ఇది పైపొరకు మాత్రమే మందు. కంటి లోపలి రెటీనా నాడీకణముల పొర, మెదడునకు శాఖ. మనుష్యుల రెటీనాలో నశించిన నాడీకణములు తమంతట తాము మరల మొలవవు. ఏ కణము పోయినదో తెలియనిదే దేనిని నాటవలెనో తెలియదు గదా! అందుకే శాస్త్రజ్ఞులు కణము కణమును విడదీసి, ఏ జన్యువు లందు పనిచేయుచున్నవో చూచుచున్నారు. 2015లో అమెరికాలో ఎలుక రెటీనానుండి 44,808 కణముల నిట్లు పరిశీలించి 39 తెగలుగా గుర్తించిరి. పని దీర్ఘమైనది, ఆశయు నున్నది.

ఇక గృహిణులకు నా మనవి. సున్నపు పొట్లములను, కాయలను పిల్లల కందనీయకుడు. కంట బడినచో ఆముదము, చనుబాలు వేయుచు కాలము పుచ్చకుడు. తత్‌క్షణమే రెప్పలు విప్పి, మంచినీటిధారతో అరగంటసేపైనను కడిగి, వెంటనే కంటివైద్యునియొద్దకు కొనిపొండు. ఎంతటి శాస్త్రమైనను నారుమడి కాలిన పిమ్మట వచ్చునది. కాలకుండ కాపాడునది మన యింటి నీళ్లబిందె.