మా అక్కయ్య గాజులు

మా అక్కయ్యకు బంగారమంటే మోజు లేదు. ఈ సంగతి మొదటనే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే నేను చెప్పబోయేదంతా నాలుగు బంగారు గాజులను గురించి. మా బావగారు రైల్వేలో పనిచేసే రోజుల్లో, జీతంలోంచి నెలనెలా మిగిల్చి రెండు విడతలుగా చేయించినవి అవి. ఒక్కొక్కటి రెండేసి కాసులు. బావగారు పోయాక కూడా ఆవిడ వాటిని తీయలేదు. అన్నం వడ్డిస్తున్నప్పుడు ఆ గాజుల చప్పుడు వింటే, బావగారు పక్కగదిలో ఉన్నట్టే ఉండేది మాకు.

ఒక ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళితే ఆవిడ చేతులు బోసిగా కనిపించాయి.

"గాజులేవి అక్కయ్యా?" అన్నాను.

"విత్తనం వేశానురా తమ్ముడూ," అంది, పొలం పనులు ముగించుకొచ్చిన రైతులాగా తృప్తిగా.

చదువరులలో చాలామందికి ఈ విత్తనం సంగతి తెలియకపోవచ్చు. మేము ఒంగోలు ప్రాంతపు క్రైస్తవులం. మా తాతల నాటినుంచీ ఆదివారం గుడికి వెళ్ళడం, కానుక సంచి దగ్గరకొచ్చినప్పుడు గుప్పిట మూసి అందులో ఏదో వేయడం, ఎంత వేశామో పక్కవాడికి తెలియనివ్వకపోవడం మా అలవాటు. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, మూలనున్న కుండలో వేసేది. నెలాఖరుకు ఆ కుండ గుడికి వెళ్ళేది. అక్కడినుంచి ఏ దిక్కులేని ముసలమ్మ ఇంటికో వెళ్ళేది. దానికి బదులుగా మాకేదైనా వస్తుందని అమ్మ ఎన్నడూ అనుకోలేదు. పైగా మా ఇంట్లో అప్పుడు వచ్చేదేమీ ఉండేది కూడా కాదు.

విత్తనం వేరు. ఇచ్చింది నూరంతలై తిరిగివస్తుంది. ఎంత పెద్ద అవసరముంటే అంత పెద్ద విత్తనం వేయాలి. వేశాక సందేహించకూడదు. అవసరం తీరిందని నోటితో పలుకుతూ ఉండాలి. స్థూలంగా ఇదీ బోధ. దీనికే కొందరు ఐశ్వర్య సువార్త అని పేరు పెట్టారు.

ఇది మన నేల మీద మొలిచింది కాదు. అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ అనే ప్రసంగీకుడు 1947లో స్వస్థత కూటాలు మొదలుపెట్టాడు. తరువాత రేడియోలోనూ టెలివిజన్‌లోనూ పేరు తెచ్చుకుని, కానుకను విత్తనంతో పోల్చే ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1987లో ఆయన, గడువులోగా ఎనభై లక్షల డాలర్లు పోగుకాకపోతే దేవుడు తనను తీసుకుపోతాడని ప్రకటించాడు. డబ్బు పోగైంది. ఆయన 2009 దాకా జీవించాడు. టెక్సాస్‌లో పుట్టిన కెన్నెత్ హేగిన్ (1917-2003) రెండో కాలు అతికించాడు: విశ్వాసంతో నోరు తెరిచి పలికితే అది జరిగి తీరుతుందని. అక్కడినుంచి ఈ బోధ ఆఫ్రికాకూ, దక్షిణ అమెరికాకూ, మన దేశానికీ పాకింది. ఇప్పుడు అరచేతిలోని ఫోనులోకి వచ్చి కూర్చుంది.

మా అక్కయ్యకు అవసరం ఉన్నమాట నిజం. ఒక్కగానొక్క కొడుకు. ముప్ఫైనాలుగేళ్ళకే రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. సోమ, బుధ, శుక్రవారాల్లో తల్లి అన్నం కారియరు పట్టుకుని ఆసుపత్రి వరండాలో నాలుగేసి గంటలు కూర్చునేది. ఆ వరండాలోనే ఎవరో పక్కన కూర్చుని, ఊరి బయట పెద్ద షెడ్డులో జరిగే కూటాల సంగతి చెప్పారు.

ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆ కూటాలవాళ్ళు ఆవిణ్ణి ప్రేమగానే చూశారు. రోజూ పొద్దున్నే ఫోను చేసి, "అమ్మా, బాబుకు ఎలా ఉంది?" అని అడిగేవారు. పేరు పెట్టి ప్రార్థించేవారు. మరి మా గుడి? మా గుడిలో ఆ ఏడాది పెద్దలందరూ స్థలం దావాలో మునిగి ఉన్నారు. ప్రసంగాలు సలక్షణంగా ఉండేవి. తప్పు బోధ ఒక్కటీ లేదు. అయితే మా మేనల్లుడు ఆరునెలలు గుడికి రాకపోతే, ఎందుకు రాలేదని అడిగినవారూ లేరు. బైబిలులో హితబోధ అనే మాట ఉంది. అది మా దగ్గర ఉంది. హితమే లేదు.

అక్కయ్య పిలిస్తే నేనూ ఒకసారి ఆ కూటానికి వెళ్ళాను. వేల కుర్చీలు, చెవులు దిమ్మెక్కే సంగీతం. వేదిక పక్కన డబ్బు పంపడానికి గళ్ళ గళ్ళ బొమ్మ ఒకటి, నా అంత ఎత్తున కట్టారు. తెల్ల కోటు తొడుక్కున్న ప్రసంగీకుడు మలాకీ గ్రంథం మూడో అధ్యాయం తీసి, పదోవంతు తెచ్చినవారికి ఆకాశపు వాకిళ్ళు తెరుచుకుంటాయన్నాడు. నేను ముప్ఫై ఏళ్ళు హైస్కూలులో లెక్కలు చెప్పినవాణ్ణి. ఇచ్చినదానికి నూరంతలు తప్పక వచ్చేటట్టయితే, వేదిక మీది వారే మాకు ఇచ్చి నూరంతలు తీసుకోవచ్చు గదా అన్న ప్రశ్న నాకు తట్టింది. తట్టినా ఏం లాభం? సంచి వచ్చినప్పుడు, మేనల్లుడి ముఖం కళ్ళముందు కనిపించి, అయిదువందల కాగితం వేశాను. మనిషికి ఆశ ఉన్నచోట లెక్కలు పనిచేయవు. అందుకే గాజుల విషయంలో అక్కయ్యను గట్టిగా మందలించే యోగ్యత నాకు లేకపోయింది.

ఇంటికొచ్చి బైబిలు తిరగేశాను. మలాకీ చెప్పిన పదోవంతు ధాన్యం వగైరా. దేవుని మందిరంలో ఆహారం ఉండటానికని తెచ్చేది. ద్వితీయోపదేశకాండం పధ్నాలుగో అధ్యాయం చూస్తే, మూడేళ్ళకొకసారి ఆ పదోవంతు ఊళ్ళోనే నిలవచేసి లేవీయులకూ, పరదేశులకూ, తండ్రిలేని పిల్లలకూ, విధవరాండ్రకూ పెట్టాలని ఉంది. అంటే మా అక్కయ్యలాంటి వారు తినవలసిన పదోవంతన్నమాట. అది ఆవిడ చేతినుంచే ఎదురు ప్రవహించింది! బీద విధవరాలు రెండు కాసులు వేసిన కథను కూటంలో ఎంతో హృద్యంగా చెప్పారు. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో, ఆ కథకు సరిగ్గా ముందే, విధవరాండ్ర ఇళ్ళు దిగమింగే శాస్త్రులను యేసు హెచ్చరించిన మాట ఉంది. అది చెప్పలేదు.

ఇంకొకటి. దేవుడు మన మేలు కోరే ఆలోచనలే చేస్తాడన్న యిర్మీయా వాక్యాన్ని ఇప్పుడు గోడల మీదా, కప్పుల మీదా అచ్చువేస్తున్నారు. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి రాసిన ఉత్తరంలోనిది. అదే ఉత్తరంలో, డెబ్బై ఏళ్ళు గడవాలని కూడా ఉంది. చదివినవారిలో ఎక్కువమంది ఆ మేలు చూడకుండానే కళ్ళు మూసి ఉంటారు. అయినా అది ఓదార్పు ఉత్తరమే. ఆ ఓదార్పు ఎలాటిదో మాత్రం కప్పు మీద పట్టదు.

ఈ వాదనలన్నీ నేను అక్కయ్యకు చెప్పాను. ఆవిడ శాంతంగా విని, "నువ్వు చదువుకున్నవాడివిరా. నీకు సందేహాలు అలవాటు," అంది. అంతటితో సరి.

నూరంతలు రాలేదు. రాకపోతే విత్తనం చెడ్డదనరు, నేల చెడ్డదంటారు. "మీ ఇంట్లో ఎక్కడో అవిశ్వాసం ఉందమ్మా," అన్నారట. అక్కయ్య ఆ అవిశ్వాసాన్ని ఇల్లంతా వెతికింది. చివరకు డయాలిసిస్ దగ్గర ఆగింది. బాగైపోయిందని నోటితో పలుకుతూ, మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళడం అవిశ్వాసం కాదా? అలాగని ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పకుండా ఆవిడకే తోచిందో నాకు ఈనాటికీ తెలియదు. ఒక సోమవారం వెళ్ళలేదు. బుధవారమూ వెళ్ళలేదు. ఆ రాత్రి రెండింటికి పక్కింటివారు ఫోను చేస్తే పరుగెత్తాను. మేనల్లుడు మంచం మీద కూర్చుని, ఊపిరి అందక నోరు తెరిచి ఉన్నాడు. ఒళ్ళంతా నీరు. అక్కయ్య పక్కన మోకరించి, "బాగైంది, బాగైంది," అంటోంది. అంబులెన్సులో ఆవిడ నా చెయ్యి పట్టుకున్న పట్టు మరుసటి రోజుదాకా నొప్పి పెట్టింది.

ఆ రాత్రికి బతికాడు. తరువాత ఒక్క డయాలిసిస్ కూడా మానలేదు. అయినా ఎనిమిది నెలలకు గుండె ఆగి పోయాడు. ఈ సంగతి దాచకుండా చెప్పాలి: వైద్యం సక్రమంగా జరుగుతుండగానే పోయాడు.

కూటాలవారి ఫోను మెల్లిగా ఆగిపోయింది. అక్కయ్య ఏడవలేదు. నలభై రోజులు ఇల్లు తుడిచింది, వంట చేసింది, ఏడవలేదు. ఒకనాడు హఠాత్తుగా నన్నడిగింది:

"నా విశ్వాసం చాలకనే గదురా వాడు పోయాడు?"

ముప్ఫై ఏళ్ళు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినవాణ్ణి. నోరు పెగల్లేదు. అప్పుడర్థమైంది నాకు, ఆ బోధ తీసుకుపోయింది గాజులు కాదని. గాజులు పోతే పోయాయి. కొడుకు పోయిన తల్లికి దుఃఖించే హక్కు ఉంటుంది. దాన్ని కూడా తీసుకుని, దాని స్థానంలో నేరం పెట్టి వెళ్ళింది.

మా గుడి పాత అయ్యగారు, పదవీవిరమణ చేసి చాలా కాలమైంది, ఆ సాయంత్రం రిక్షా దిగి వచ్చారు. నేను చెప్పిన వాదనల్లో ఒక్కటీ ఆయన చెప్పలేదు. అక్కయ్య ప్రశ్న విన్నారు. కళ్ళజోడు తుడుచుకుని, తిమోతికి పౌలు రాసిన రెండో పత్రిక నాలుగో అధ్యాయం ఇరవయ్యో వచనం తీసి, ఆవిణ్ణే చదవమన్నారు. త్రోఫిము అనే తన సహచరుణ్ణి, రోగంతో ఉన్నవాణ్ణి, మిలేతులో విడిచి వచ్చానని పౌలు అందులో రాశాడు. అంతే. అంతకు మించి ఏమీ లేదు. ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ ఉన్న అలాటి వచనాలను మనం గబగబా దాటేస్తాం.

"ఎందరినో బాగుచేసినవాడమ్మా పౌలు," అన్నారు అయ్యగారు. "ఈ ఒక్కణ్ణి బాగుచేయలేక వదిలి వచ్చాడు. వదిలి వచ్చానని సిగ్గుపడకుండా రాశాడు. పౌలుకు విశ్వాసం చాలలేదని మనమంటామా?"

అక్కయ్య చాలాసేపు ఆ పుట చూసింది. "పౌలుగారు కూడా వదిలి వచ్చాడా?" అంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విని పక్కింటివాళ్ళు వచ్చారు. అయ్యగారు లేవలేదు, ఓదార్చలేదు. చీకటి పడేదాకా అలా కూర్చున్నారు.

హితబోధ అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న మాటకు ఆరోగ్యకరమైన అని అర్థమట. అంటే పథ్యం వంటిదన్నమాట. నోటికి రుచించకపోవచ్చు. కాని జబ్బుపడ్డనాడు పనికొచ్చేది అదే. సిద్ధాంతం సరిగా ఉండాలనడం పండితుల పంతం అనుకునేవాణ్ణి నేను. కాదు. రాత్రి రెండింటికి ఒక తల్లి ఏమని ప్రార్థిస్తుందో, నలభయ్యో రోజున తన్ను తాను ఏమని అడుగుతుందో, దాన్ని నిర్ణయించేది ఆమె విన్న సిద్ధాంతమే. ఘానా దేశంలోని అక్రోపాంగ్‌లో 2008, 2009 సంవత్సరాల్లో సమావేశమైన ఆఫ్రికా క్రైస్తవ పండితులు కూడా దేవుడు అద్భుతాలు చేయడని అనలేదు. ఆయన శక్తి మీట నొక్కితే పనిచేసే యంత్రం కాదన్నారు. మనిషి సంపదను బట్టి అతని భక్తిని కొలవరాదన్నారు.

మా ఒంగోలుకు ఈ సంగతి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. 1876-78 నాటి పెద్దకరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి పని కల్పించాడు. మమ్మల్ని సంఘంలో చేర్చుకోమని వాళ్ళు అడిగారు. అన్నం కోసం వచ్చినవారన్న మాట రాకూడదని, ఆయన ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి ఇచ్చాడు, బాప్తిస్మం ఇవ్వలేదు! కరువు తీరాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నానికీ విశ్వాసానికీ ముడిపెట్టరాదన్న జాగ్రత్త మీద నిలిచిన సంఘం మాది. అటువంటి చోటే ఇవాళ విశ్వాసానికి నూరంతల వడ్డీ పలుకుతోంది.

అక్కయ్య మళ్ళీ మా గుడికి వస్తోంది. దావా ఇంకా తెమల్లేదు. అయితే ఎవరు రెండు వారాలు రాకపోయినా మూడో వారం వాళ్ళింటికి వెళ్ళేందుకు నలుగురం ఒక జట్టు కట్టాం. అందులో ముందు నడిచేది అక్కయ్యే. ఆసుపత్రి వరండా కూడా ఆవిడ వదల్లేదు. సోమ, బుధ, శుక్రవారాల్లో కారియరుతో వెళుతుంది. ఎవరికీ ఏదీ బోధించదు. భోంచేయని తల్లి ఎవరైనా కనిపిస్తే మూత తీసి పెడుతుంది.

మొన్న వాళ్ళింటికి వెళితే వంటింటి మూల ఒక కుండ కనిపించింది. మూత తీసి చూశాను. సగానికి బియ్యం ఉన్నాయి.

"ఇదేమిటక్కయ్యా, విత్తనమా?" అన్నాను వేళాకోళంగా.

"కాదురా," అంది, బోసిచేత్తో మూత మళ్ళీ పెడుతూ. "బియ్యం."