ఉప్పుగాలికి తరిగే బండ్లు
పుదుచ్చేరిలో పాత వ్యాన్ కొనేవారు ముందు చూడాల్సింది ఇంజిన్‌ను కాదు, బండి అడుగును

సాయంత్రమైతే పుదుచ్చేరి బీచ్ రోడ్డులోకి వాహనాలను రానివ్వరు. గాంధీ విగ్రహం, పాత లైట్‌హౌస్ చుట్టుపక్కల జనం కాలినడకన తిరుగుతుంటారు. వారిని మోసుకొచ్చిన వ్యాన్లు కాస్త దూరంగా, ఫ్రెంచి కాలపు వీధుల అంచుల్లో రాత్రంతా నిలబడి ఉంటాయి. బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలి మనుషులకు హాయి. బండ్లకు మాత్రం అదే వ్యాధి.

ఆ వ్యాన్లలో తమిళనాడు, పుదుచ్చేరి నంబర్ల పక్కన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నంబర్లూ కనిపిస్తాయి. పౌర్ణమికి అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ ముగించుకున్న తెలుగు యాత్రికుల్లో చాలామంది సెంజి కోట, తిండివనం మీదుగా వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణించి ఇక్కడికొస్తారు. అరవిందాశ్రమం, ఆరోవిల్, సముద్రం చూసుకుని వెనుదిరుగుతారు. వారాంతాల్లో చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వచ్చే బృందాలు సరేసరి. ఇన్ని ట్రిప్పులున్న చోట వ్యాన్లకు గిరాకీ ఉంటుంది. కొత్తది కొనే స్తోమత లేని డ్రైవరు పాతదానితోనే యజమాని అవుతాడు.

పెద్ద వ్యాన్ అంటే దక్షిణాదిలో ఇప్పటికీ టెంపో ట్రావెలరే. పుణేలోని బజాజ్ టెంపో కంపెనీ జర్మన్ నమూనాతో తెచ్చిన మాటడార్ ఒకప్పుడు స్కూలు పిల్లల నుంచి పెళ్లివారి దాకా అందరినీ మోసింది. 1987లో మెర్సిడెస్ వ్యాన్ ఆధారంగా ట్రావెలర్ వచ్చింది. 2005లో కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారినా జనం నోట టెంపో అలాగే ఉండిపోయింది. దాని డీజిల్ ఇంజిన్ మూలాలు కూడా మెర్సిడెస్‌వే. సంక్లిష్టత తక్కువ, ఓర్పు ఎక్కువ. పదేళ్లు తిరిగిన బండికి కూడా బేరం పలకడానికి కారణమదే.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ఇంజిన్ మీదున్న నమ్మకంతో కొనేవారు ఇంజిన్‌నే పరీక్షిస్తారు. నిజానికి వ్యాన్‌లో అబద్ధం ఆడటం తెలియని భాగం అదే. నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా నాజిళ్లు, పంపు చూపించుకోవాలి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, బోరింగ్ ఖర్చు దగ్గర పడిందని అర్థం. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగక, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆయిల్ మూత తీయగానే పొగ ఎగదన్నితే రింగులు అరిగినట్టే. క్లచ్ జారినా, వీల్ బేరింగ్ మూలిగినా డ్రైవరుకు తెలిసిపోతుంది. వీటన్నిటికీ తట్టాంచావడి, మేట్టుపాళయం పారిశ్రామికవాడల వైపు వెళ్తే మెకానిక్ షెడ్డు, లేత్ పని, పంపు సర్వీసు వెతుక్కోవచ్చు. డబ్బు ఖర్చయినా బండి బాగవుతుంది.

తుప్పు అలా కాదు. అది చప్పుడు చేయదు, పొగ వదలదు. గాలిలోని ఉప్పు సన్నని పొరలా రేకు మీద పేరుకుని, తేమను పట్టి ఉంచుతుంది. ఉప్పు కలిసిన తేమ ఇనుము కరిగే రసాయన చర్యను వేగవంతం చేస్తుంది. రంగు బాగున్నంత కాలం పైభాగానికి రక్షణ ఉంటుంది. అందుకే తుప్పు కంటికి కనిపించని చోట్ల మొదలవుతుంది. చక్రాల పైన బురద దాక్కునే మడతలు, జరుపుడు తలుపు కింది పట్టాలు, ఫుట్‌బోర్డు లోపలి భాగం, రెండు రేకులు కలిసే అతుకులు, సీట్ల బోల్టులు దిగిన ఫ్లోరు దాని స్థావరాలు. ఏసీ కండెన్సర్ రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు పడితే లైట్లు మిణుకుమంటాయి, సెల్ఫ్ మొరాయిస్తుంది. యజమాని మాత్రం బ్యాటరీలు మారుస్తూ పోతాడు.

ఉప్పుకు తోడు వరద కూడా ఉంది. 2011 డిసెంబర్ 30న థానే తుపాను కడలూరు, పుదుచ్చేరి మధ్య తీరాన్ని దాటింది. 2024 నవంబర్ 30న వచ్చిన ఫెంగల్ తుపాను ఒక్క రోజులో పట్టణం మీద సుమారు 46 సెంటీమీటర్ల వాన కుమ్మరించింది. వీధులు కాలువలయ్యాయి. నీట మునిగిన బండిని అదే రోజు స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి చేరిన నీళ్లు కనెక్టింగ్ రాడ్‌ను వంచేస్తాయి. ఆ గండం తప్పినా వైరింగ్ జాయింట్లలో పచ్చటి చిలుము, గేర్ బాక్సు ఆయిల్‌లో నీళ్లు నెలల తర్వాత బయటపడతాయి. సీటు కింద పట్టాల్లో ఎండిన ఒండ్రు, మ్యాట్ ఎత్తగానే ముక్కవాసన వచ్చే వ్యాన్‌ను ఎంత చవకగా ఇస్తామన్నా వదిలేయడమే లాభం.

తుప్పుకు టింకరింగ్ షెడ్డులో రెండు రకాల వైద్యం ఉంది. ఒకటి, కుళ్లిన రేకును మంచి రేకు తగిలేదాకా కోసేసి, కొత్త ముక్క వెల్డింగ్ చేసి, ప్రైమర్ కొట్టడం. రెండోది, రంధ్రాన్ని పుట్టీతో పూడ్చి పైన రంగు వేయడం. మొదటిదానికి రోజులు పడుతుంది. రెండోది సాయంత్రానికి తయారు. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. 15 ఏళ్లు దాటిన బండ్లకు 2022 నుంచి ఆ ఫీజు కూడా అనేక రెట్లు పెరిగింది. దాంతో ఎఫ్‌సీకి ముందు రంగు కొట్టించి, అది చేతికి రాగానే అమ్మకానికి పెట్టే వ్యాన్లకు కొదవ లేదు. కొత్త రంగు వాసన కొనేవాడికి శుభవార్త కాదు, హెచ్చరిక. చిన్న అయస్కాంతం చాలు, గుట్టు బయటపెట్టడానికి. రేకుకు అది అతుక్కుంటుంది, మందపాటి పుట్టీ మీద జారిపోతుంది.

కొత్త తరం బండ్లతో ఇంకో తలనొప్పి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో డీజిల్ వాహనాలకు సెన్సర్లు, మసిని పట్టే ఫిల్టర్లు వచ్చాయి. స్టేషన్ నుంచి హోటల్‌కు, హోటల్ నుంచి బీచ్‌కు చిన్న చిన్న ట్రిప్పులే తిరిగితే మసి కాలిపోయేంత వేడి పుట్టక ఫిల్టర్ మూసుకుపోతుంది. దీనికి స్పానర్ చాలదు, స్కానర్ కావాలి.

తెలుగువారికి మరో మెలిక ఉంది. పీవై-04 నంబరుతో తిరిగే యానాం బండి గోదావరి గాలి తిన్నదే అయినా చట్టం దృష్టిలో పుదుచ్చేరిదే. పీవై-01తో మొదలయ్యే పుదుచ్చేరి పట్టణపు బండికీ అదే నియమం. ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలి. ఎన్‌ఓసీ, ఫైనాన్స్ కంపెనీ బాకీ తీరిన పత్రం, అక్కడి పన్ను అన్నీ లెక్కేస్తే పుదుచ్చేరిలో చవకగా దొరికిన వ్యాన్ ఇంటికి చేరేసరికి అంత చవకగా మిగలదు.

అయినా డబ్బు నష్టం చిన్నది. వ్యాన్ అడుగున చక్రాల దాకా సాగే సన్నని ఉక్కు గొట్టాల్లో బ్రేక్ ఆయిల్ ప్రవహిస్తుంది. ఉప్పు వాటినీ తింటుంది. మామూలుగా తొక్కినప్పుడు తట్టుకున్న గొట్టం, ఎదురుగా లారీ వచ్చి గట్టిగా తొక్కిన రోజే పగలొచ్చు. వెనక సీట్లలో డజను మందికి పైగా నిద్రపోతుంటారు. ఆ గొట్టం మార్చడం షెడ్డులో పెద్ద పనేమీ కాదు. బీచ్ నుంచి వచ్చాక అడుగును మంచినీళ్లతో కడగడం అంతకన్నా తేలిక. అందుకే అనుభవమున్నవారు బేరం మాట్లాడేముందు వ్యాన్‌ను ర్యాంపు ఎక్కించమంటారు. ర్యాంపు లేకపోతే గోనె పరుచుకుని, టార్చిలైటు పట్టుకుని తామే కిందికి దూరతారు. చొక్కాకు అంటిన మట్టి ఒక ఉతుకుతో పోతుంది.